శ్మశానంలో రోళ్ల దుకాణం

నల్లరాయపాడులో రోళ్లు చెక్కే పల్లపు గురవయ్యకు, ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే 'తెలుసు' అనే అలవాటు ఉండేది. వాన వచ్చేలా ఉందంటే తెలుసు అనేవాడు. నీ మేక మా చేలో పడిందంటే తెలుసు అనేవాడు. ఒకసారి అత్తగారి ఊరి నుంచి కబురు తెచ్చిన మనిషి 'మీ బావమరిదికి...' అనగానే 'తెలుసు, తెలుసు' అని మజ్జిగ ఇచ్చి పంపేశాడు. బావమరిదికి కొడుకు పుట్టాడన్న సంగతి బారసాల అయిపోయిన నెలకు తెలిసింది. భార్య నాగులమ్మ పది రోజులు అతనితో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో తెలుసా అని ఎవరో అడిగితే, అదీ తెలుసన్నాడు.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టడానికి లేదు. మా ఊళ్లో వంకలు వెతకడానికి మనుషులు తక్కువేమీ కాదు. అయినా దొరకలేదు. గురవయ్య చెక్కిన రుబ్బురోట్లో నానిన పప్పు వేస్తే వెన్నలా నలిగేది. పొత్రం గుంటలో అటూ ఇటూ కొట్టుకోకుండా తిరిగేది. అదే అతని వ్యాపారానికి దెబ్బ. అతని రోలు అరిగేది కాదు, పగిలేది కాదు. ఒకసారి కొన్నవాళ్లు మనవల పెళ్లిళ్ల దాకా మళ్లీ అతని గడప తొక్కేవాళ్లు కాదు. ఇక మిక్సీలు వచ్చాక కొత్తవాళ్లు రావడం కూడా మానేశారు. పది రోళ్లు అతని కొట్టం ముందు ఎండలో పడి ఉండేవి. వాటిలో కోళ్లు నీళ్లు తాగేవి.

ఒకరోజు కంకర మిల్లు మేస్త్రీ సుబ్బరామిరెడ్డి వచ్చి రోలు మీదే కూర్చున్నాడు.

"గురవయ్యా, మిల్లులో మనిషి కావాలి. రాయి పగలగొట్టడమే పని. వచ్చే నెల మొదటి సోమవారం చేరు. రానంటే వేరేవాణ్ణి పెట్టుకుంటా" అన్నాడు.

గురవయ్య చేతిలోని ఉలి వంక చూసుకున్నాడు. నాలుగు తరాలుగా వాళ్ల ఇంట్లో రాయిని రోలు చేశారు గాని కంకర చేయలేదు. కానీ ఇంట్లో పొయ్యి వెలగాలి.

"ఈ నెలలో రోళ్లు కదలకపోతే వస్తాను రెడ్డీ" అన్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే, చిన్న వ్యాపారులకు ఫోన్ ద్వారా సరుకు అమ్ముకోవడం నేర్పించడానికి ప్రభుత్వం వారు షాహీనా అనే అమ్మాయిని మా ఊరికి పంపారు. ఆమె రెండు బస్సులు మారి, మెయిన్ రోడ్డు మీద దిగి, గొడుగు వేసుకుని రెండు కిలోమీటర్లు నడిచి వచ్చేది. ప్రతి గురువారం పంచాయతీ ఆఫీసులో కూర్చునేది. మొదటి గురువారం ఐదుగురు వచ్చారు. అందులో ఇద్దరు ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చారు. సర్పంచి గారు వచ్చి ఫోటో దిగి వెళ్లారు.

షాహీనా ఎవరినీ విసుక్కునేది కాదు. అప్పడాల రత్తమ్మకు ఫోటో తీయడం నేర్పింది. రత్తమ్మ పట్టుచీర కట్టుకుని, నగలు పెట్టుకుని, తన ఫోటో పంపింది. అప్పడాలు ఎక్కడా కనిపించలేదు. "మీరు చాలా బాగున్నారమ్మా. ఇప్పుడు అప్పడాలకు కూడా ఒకటి తీద్దామా?" అంది షాహీనా. అదే విషయం నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ మొదటిసారి చెప్పినట్టే చెప్పేది. "ఎన్నిసార్లయినా అడగండి. నాకు జీతం ఇచ్చేది దానికే" అనేది. మా ఊళ్లో ఆ మాట అన్న ఉద్యోగిని అంతకుముందు ఎవరూ చూడలేదు. అందుకని మొదట్లో ఆమె నిజంగా ఉద్యోగేనా అని కొందరికి అనుమానం కూడా వచ్చింది.

రెండో గురువారం గురవయ్య వెళ్లాడు. షాహీనా అతని కొట్టం దాకా వచ్చి రోళ్లకు ఫోటోలు తీసింది. మళ్లీ పంచాయతీ ఆఫీసుకు తీసుకెళ్లి అతని పేరు, ఫోన్ నంబరు ఫోన్లో ఎక్కించింది.

"ఇక ఒక్కటే మిగిలింది గురవయ్యగారూ. మీ కొట్టం ఎక్కడుందో మ్యాప్‌లో పెట్టాలి. రోళ్లు బరువు కదా, కొనేవాళ్లు బండి వేసుకుని మీ దగ్గరికే రావాలి. మీరు కొట్టం ముందు నిలబడి, ఈ గుర్తు మీద..."

"తెలుసమ్మా" అన్నాడు గురవయ్య.

"అక్కడ నెట్ రావడం ఆలస్యమైతే..."

"తెలుసు, తెలుసు."

"నేను వచ్చి పెట్టనా?"

"ఇంత చిన్న పనికి నువ్వెందుకమ్మా ఎండలో? నాకు తెలుసు" అని ఫోన్ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మా ఊరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కొండ అడ్డం వల్ల ఊళ్లో ఫోన్లు సరిగా పనిచేయవు. పంచాయతీ ఆఫీసు విడిస్తే, సిగ్నల్ బాగా అందేది శ్మశానం దిబ్బ మీదే. మా ఊళ్లో పెళ్లి సంబంధాలు కూడా అక్కడి నుంచే మాట్లాడుకుంటారు.

గురవయ్య కొట్టం ముందు నిలబడి గుర్తు నొక్కాడు. ఫోన్ పలకలేదు. ఇంకోసారి నొక్కాడు. పలకలేదు. ఆలోచించకుండా దిబ్బ ఎక్కి నొక్కాడు. వెంటనే పలికింది. సంతోషంగా ఇంటికి వచ్చి, "ఏమేవ్, మన దుకాణం మ్యాప్‌లోకి ఎక్కింది" అన్నాడు.

నాలుగు రోజుల్లో ఫోన్లు మొదలయ్యాయి. గురవయ్య సాయంత్రం దిబ్బ ఎక్కేసరికి మోగేవి. ఒకాయన సమాధి రాయి మీద పేరు చెక్కుతారా అని అడిగాడు. ఇంకొకాయన, తండ్రి ఇంకా బాగానే ఉన్నాడు గాని, ముందుగా చెప్పిపెడితే ఏమైనా తగ్గిస్తారా అని అడిగాడు. గురవయ్యకు ఏమీ అర్థం కాలేదు.

అంతలో గుంటూరు నుంచి మాధవీలత అనే ఆవిడ మెసేజ్ పెట్టింది. ఆమెకు టిఫిన్ హోటళ్లు ఉన్నాయట. పచ్చళ్లు, పిండి రోట్లోనే రుబ్బించాలని, పన్నెండు రుబ్బురోళ్లు కావాలని, శనివారం వచ్చి చూస్తానని రాసింది. గురవయ్య ఆ మెసేజ్ ఊళ్లో అందరికీ చూపించాడు. చదవడం రానివాళ్లకు రెండుసార్లు చూపించాడు. శనివారం తెల్లచొక్కా వేసుకుని కొట్టం ముందు కూర్చున్నాడు. నాగులమ్మ రోళ్లన్నీ కడిగి, కోళ్లను గంప కింద మూసింది. మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలింది. ఎవరూ రాలేదు.

దిబ్బ ఎక్కి చూస్తే ఒక మెసేజ్ ఉంది. 'మీరు చూపించిన చోటికి వచ్చాం. ఇలాంటి పరాచికాలు మాకు నచ్చవు.'

గురవయ్య మిల్లులో చేరాల్సిన సోమవారానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. తర్వాతి గురువారం పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, పదిమంది ముందు ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"నీ మ్యాపు పనిచేయదమ్మా. వచ్చిన బేరం కాస్తా పోయింది. ఇక నేను కంకర కొట్టుకోవాల్సిందే" అన్నాడు.

"నేను అప్పుడే అనుకున్నా. ఇవన్నీ మనలాంటోళ్లకు అచ్చిరావు" అన్నాడు ఫ్యాను కింద కూర్చున్న ఒకాయన.

షాహీనా గొడుగు తీసుకుని లేచింది. "కొనడానికి వచ్చినవాళ్లలాగే మనమూ వెళ్లి చూద్దాం, రండి" అంది. తన ఫోన్లో గురవయ్య దుకాణానికి దారి అడిగింది. ఫోన్ చెప్పినట్టే నడిచింది. వెనకాల గురవయ్య, నాగులమ్మ, రత్తమ్మ, ఆఖరికి ఫ్యాను వదిలేసి ఆ ఒకాయన కూడా నడిచారు. ఎడమకు తిరగమంటే తిరిగారు. తుమ్మచెట్ల పక్కనుంచి పొమ్మంటే పోయారు. శ్మశానం దిబ్బ ఎక్కగానే, "మీరు చేరవలసిన చోటుకు చేరుకున్నారు" అంది ఫోన్.

అక్కడ కాటికాపరి పోలయ్య చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

"మొన్న శనివారం కారులో ఒకావిడ కూడా ఇట్లాగే వచ్చింది. రోళ్లు ఎక్కడ అని అడిగింది. దుఃఖంలో ఉన్నవాళ్లు ఏదో ఒకటి అంటుంటారులే అని ఊరుకున్నా. పోయింది ఎవరమ్మా, ఎన్నింటికి తెస్తున్నారని అడిగితే, గబగబా కారెక్కి వెళ్లిపోయింది" అన్నాడు.

వెంట వచ్చినవాళ్లంతా పగలబడి నవ్వారు. షాహీనా ఒక్కతే నవ్వలేదు. గురవయ్య తలవంచుకోవడం ఆమె చూసింది.

"తప్పు నాదే. కొట్టం దగ్గర నెట్ సరిగా రాదని తెలిసీ, ఆ రోజు నేను వెంట రాలేదు. నేనే వచ్చి ఉండాల్సింది" అంది.

"చూశారా, మేడమ్ తప్పేనంట" అన్నాడు ఫ్యాను ఆయన.

గురవయ్య నోరు మూసుకుని ఉంటే అక్కడితో సరిపోయేది. అతని పరువు అతనికి ఉండేది. ఆ అమ్మాయి బస్సెక్కి వెళ్లిపోయేది. అతను ఒకసారి జనం వైపు చూశాడు, ఒకసారి ఆమె వైపు చూశాడు. ఎండకు ఆమె మొహం కందిపోయి ఉంది.

"ఆ అమ్మాయిని అనకండి" అన్నాడు గట్టిగా. "వస్తానంది. నేనే వద్దన్నా. చెప్పబోతే రెండుసార్లు అడ్డం వచ్చా. నాకు తెలవదు. అప్పుడూ తెలవదు, ఇప్పుడూ తెలవదు. నేర్పితే నేర్చుకుంటానమ్మా."

నవ్వులు ఆగిపోయాయి. నాగులమ్మ మొగుడి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇరవయ్యేడేళ్ల కాపురంలో ఈ మాట ఇప్పుడే వింటున్నా. ఒంట్లో బాగానే ఉందా అయ్యా?" అంది.

షాహీనా అతని వెంట కొట్టానికి నడిచింది. నెట్ వచ్చేదాకా ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. వచ్చాక కూడా ఆమె ఫోన్ ముట్టుకోలేదు. అతని చేతే పాత గుర్తు తీయించింది, అతని చేతే కొత్త గుర్తు పెట్టించింది. తర్వాత అదీ తీయించి మళ్లీ పెట్టించింది. మూడోసారి ఆమె గొడుగు వేసుకుని దూరంగా వెళ్లి నిలబడింది. గురవయ్య ఒక్కడే పెట్టాడు. అతను మధ్యలో ఏడుసార్లు అడిగాడు. ఏడుసార్లూ ఆమె చెప్పింది. ఆ రోజు ఆమె ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మెయిన్ రోడ్డు మీద టీ కొట్టువాడు చెప్పాడు.

ఆమె వెళ్లాక గురవయ్య దిబ్బ ఎక్కి మాధవీలతకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను పరాచికాలాడలేదు. నాకు తెలవక దుకాణాన్ని శ్మశానంలో పెట్టా. ఇప్పుడు సరిచేశా. ఇంకొక్కసారి రండి" అన్నాడు.

అవతల నవ్వు వినిపించింది. ఎంతసేపు నవ్విందో గాని, చివరికి, "తెలియదని చెప్పి రోళ్లు అమ్మేవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా. శనివారం వస్తా" అంది.

శనివారం కారు ఎవరినీ దారి అడగకుండా నేరుగా కొట్టం ముందు ఆగింది. మాధవీలత వెంట నానబెట్టిన మినప్పప్పు తెచ్చుకుంది. గాజులు పైకి తోసుకుని, రోలు ముందు కూర్చుని తానే రుబ్బింది. పిండి వేళ్ల మధ్య రాసి చూసింది. ఒక్క పలుకు తగల్లేదు.

"ఎన్నున్నాయి?" అని అడిగింది.

"పది."

"నాకు పన్నెండు కావాలి. ఇంకో రెండు చెక్కిపెట్టు. మా అక్కకు తిరగలి కావాలట, అదీ చెయ్యి" అంది. మర్నాడే బండి పంపి ఆ పదీ తెప్పించుకుంది.

సోమవారం పొద్దున్నే మేస్త్రీ సుబ్బరామిరెడ్డి వచ్చాడు. కొట్టంలో ఉలి చప్పుడు వినిపిస్తోంది. వాకిట్లో ఒక్క రోలు లేదు. కూర్చోవడానికి చోటు దొరక్క అతను నిలబడే మాట్లాడాడు.

"అయితే మిల్లుకు రావన్నమాట. పోనీలే. మా కంకర కూడా ఆ ఫోన్లో పెట్టొచ్చా?" అని అడిగాడు.

గురవయ్య ఉలి ఆపాడు. పెదవుల దాకా వచ్చిన పాత మాటను మింగేశాడు.

"నాకు కొంచెమే తెలుసు రెడ్డీ. గురువారం రా. మేడమ్‌ను అడుగుదాం" అన్నాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, సాయం చేసేవాళ్లు ఎంత దూరం నుంచి ఎంత ఓపికతో వచ్చినా, 'నాకు తెలియదు' అని నోరు విడిచి అడిగినవాడికే ఆ సాయం అందుతుంది.