పొలిమేరకు కొట్టిన మేకులు

దగ్గరికి జరుగు పండూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఇవాళ చెప్పేది కోపం కథ. మధ్యలో నా గొంతు పెరిగితే నీ మీద అనుకోకు.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఒకవైపు ఏరు, మిగతా మూడు వైపులా మూడు పొలిమేర రాళ్ళు. ఆ మూడు రాళ్ళకీ ముగ్గురు కావలివాళ్ళు ఉండేవారు. వాళ్ళు దేవుళ్ళు కాదు, దయ్యాలూ కాదు. ఆకాశంలో చుక్కలు.

పడమటి రాయి పిల్లలకోడిది. చిన్న చిన్న చుక్కలు గుంపుగా కనిపిస్తాయే, అదే పిల్లలకోడి. ఊళ్ళో పసివాళ్ళని రెక్కల కింద పెట్టుకుని చూసేది. ఉత్తరపు రాయి ధ్రువుడిది. ఆయన కదలడు, మెదలడు, దారి తప్పినవాళ్ళకి దారి చూపిస్తాడు. తూర్పు రాయి వేగుచుక్కది. తెల్లవారకముందే ఊరిని లేపడం ఆ చుక్క పని.

ఆ ఊళ్ళో తవుడమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. పుట్టిన పిల్లలు దక్కడంలేదని వాళ్ళమ్మ ఆవిడని తవుడికి అమ్మి, మళ్ళీ కొనుక్కుంది. అందుకని ఆ పేరు. ఆవిడ రోజూ సందెవేళ పడమటి రాయి దగ్గరికి వెళ్ళేది. ఆ తర్వాత ఉత్తరపు రాయి దగ్గరికి వెళ్ళేది. తెల్లారగట్ల తూర్పు రాయి దగ్గరికి వెళ్ళేది. వెళ్ళిన చోటల్లా కాస్త గంజి పోసి, ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ చుక్కలకి చెప్పేది. ఒక్కరినీ వదిలేది కాదు. పైనుంచి చూసేవాళ్ళకి తలకాయలు కనిపిస్తాయి గానీ, ఎవరు ఈ ఊరివాళ్ళో ఏం తెలుస్తుంది? పేరు చెప్తేనే కావలి. ఈ పని వాళ్ళమ్మ చేసింది, ఆ తర్వాత తను చేస్తోంది.

ఒక ఏడు ఊరికి రోజులు బాగోలేవు. మొదట నూతి నీళ్ళు చేదెక్కాయి. ఆ తర్వాత పాడి గేదెలు పడిపోయాయి. ఆ తర్వాత ఊరిపెద్ద సూరినాయుడి కొడుక్కి చలిజ్వరం పట్టుకుంది.

అప్పుడు ఊళ్ళో ఒక మాట పుట్టింది. "ఆ ముసల్ది చీకట్లో మన పేర్లు గొణుగుతోంది. చేతబడి చేస్తోంది. అది మంత్రగత్తె."

చూశావా పండూ? ఇన్నేళ్ళూ ఆవిడ పోసిన గంజి ఎవరికీ కనిపించలేదు. గొణుగుడు మాత్రం వినిపించింది. ముసలిది, ఒంటరిది, తరఫున అడిగేవాళ్ళు లేనిది. అలాంటి మనిషి కనబడితే చాలు, నోటికి ఏదొస్తే అది అనేస్తారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

అన్నారు, అని ఊరుకున్నారా? ఆవిడ ఇంటి కప్పు పీకేశారు. ఆ తర్వాత గంజికుండ బద్దలుకొట్టారు. ఆ తర్వాత జుట్టు పట్టుకుని ఏటిదాకా ఈడ్చుకెళ్ళి, అవతలి ఒడ్డుకి గెంటేశారు. చెయ్యి చేసుకోనివాళ్ళు తలుపులు వేసుకుని లోపల కూర్చున్నారు. వాళ్ళ మీద కూడా నాకు కోపమే.

అంతటితో సూరినాయుడికి తృప్తి కలగలేదు. ఎక్కడినుంచో ఒక మంత్రవాదిని పిలిపించి, ఊరికి దిగ్బంధం చెయ్యమన్నాడు. దిగ్బంధం అంటే మంత్రం పెట్టి దిక్కులు కట్టెయ్యడం. మంత్రవాది మూడు ఇనప మేకులు సూరినాయుడి చేతికిచ్చి, "ఎవరిని ఆపాలి?" అని అడిగాడు.

"ఆ ముసల్దాన్నీ, దానివాళ్ళు ఎవరున్నా వాళ్ళనీ" అన్నాడు సూరినాయుడు. అని మూడు రాళ్ళ పక్కనా మూడు మేకులు దిగ్గొట్టాడు.

తవుడమ్మకి ఎవరున్నారు? పెనిమిటి లేడు, పిల్లలు లేరు. ఆవిడకి ఉన్నదల్లా ఆ ముగ్గురే. తన ఊరి కావలివాళ్ళని తనే బయటపెట్టి మేకు కొట్టుకున్నాడు ఆ మహానుభావుడు.

అప్పుడు ఏమైంది? వేగుచుక్క లేపక చేలో కాపలావాళ్ళు ఆదమరిచి నిద్రపోయారు, అడవిపందులు చెరుకంతా తొక్కేశాయి. ఆ తర్వాత సంతకెళ్ళిన బళ్ళు ధ్రువుడు కనబడక దారితప్పి ఎక్కడెక్కడో తిరిగాయి. ఆ తర్వాత సూరినాయుడి ఇంట్లో మనవరాలు పుట్టింది, పుట్టిన కొద్దిరోజులకే పాలు తాగడం మానేసింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. వైద్యుడు చూసి సంచీ సర్దుకున్నాడు.

సూరినాయుడి కోడలి పేరు గవరమ్మ. మామగారి ఎదుట ఏనాడూ మాట్లాడని పిల్ల. ఆ రోజు పిల్లని ఎత్తుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. "మామా, ఆవిడ నా మొగుడి పేరు చెప్పింది, ఆయన చలిజ్వరం నుంచి బతికాడు. నా పిల్ల పేరు ఎవరు చెప్పారు? నువ్వు గెంటినావిడని నువ్వే పిలుచుకురా."

అప్పుడు సూరినాయుడు ఏరు దాటాడు. అవతల జీడితోటలో తవుడమ్మ తాటాకు పాక వేసుకుని ఉంటోంది. ఆయన్ని కూర్చోమని అనలేదు. నిలబెట్టే విన్నది.

"నేను రాలేను నాయుడూ, నువ్వు మేకులు కొట్టావు. కొట్టిన చెయ్యే వాటిని పీకాలి. చేసింది చెప్తూ పీకాలి. అబద్ధమాడితే రావు" అంది.

సందెవేళకి పడమటి రాయి దగ్గరికి చేరారు. పొలిమేరకి అవతల తవుడమ్మ. ఇవతల సూరినాయుడు, పిల్లని ఒడిలో వేసుకుని గవరమ్మ.

సూరినాయుడు మొదటి మేకు పట్టుకుని, "ఈవిడ ఇల్లు పీకించాను" అన్నాడు. మేకు వచ్చింది. అప్పుడు పడమట పిల్లలకోడి కనిపించింది.

ఆ తర్వాత ఉత్తరపు రాయి. "ఈవిడని జుట్టు పట్టుకుని ఈడ్చాను" అన్నాడు. మేకు వచ్చింది. ధ్రువుడు కనిపించాడు.

ఆ తర్వాత తెల్లారగట్ల తూర్పు రాయి. "చేతబడికి భయపడి గెంటేశాం" అన్నాడు. మేకు రాలేదు. "ఊరంతా అన్నారని నేనూ అన్నాను" అన్నాడు. రాలేదు. "మంత్రవాది చెప్పాడు" అన్నాడు. అరచేతులు చీరుకుపోయాయి గానీ మేకు కదల్లేదు. తూర్పు తెల్లబడుతోంది.

"మామా, పిల్ల ఏడుపు ఆపేసింది" అంది గవరమ్మ.

అప్పుడు సూరినాయుడు మోకాళ్ళ మీద పడ్డాడు. "ఒకనాడు ఈవిడ వెనకే వచ్చి విన్నాను. చాకలి పేరు చెప్పింది. చెప్పులు కుట్టేవాడి పేరు చెప్పింది. ఆ తర్వాత నా పేరు చెప్పింది. వాళ్ళ తర్వాత నేనా అని కడుపు రగిలిపోయింది. మంత్రగత్తె అన్న మాట మొదట నేనే అన్నాను. ఈవిడ కాదని నాకు తెలుసు" అన్నాడు.

మేకు చేతిలోకి వచ్చేసింది. తూర్పున వేగుచుక్క పొడిచింది.

తవుడమ్మ పొలిమేర దాటి వచ్చి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. "పేరేమిటమ్మా?" అని అడిగింది.

"మంగతాయి" అంది గవరమ్మ.

తవుడమ్మ ఆ పేరు వేగుచుక్కకి చెప్పింది. పిల్లలకోడికి కూడా కబురందించమంది. కాసేపటికి పిల్లకి చెమటలు పట్టాయి. ఆ తర్వాత కళ్ళు తెరిచింది. ఆ తర్వాత పాలకోసం గుక్కపట్టి ఏడ్చింది. ఊరంతా వినబడింది ఆ ఏడుపు.

అప్పుడు సూరినాయుడు కళ్ళు తుడుచుకుని, "నీ ఇల్లు నేనే కట్టిస్తాను. ఇంక కోపం వదిలెయ్యి తల్లీ" అన్నాడు.

చూడు, పని అయిపోయేసరికి కోపం కూడా వదిలెయ్యాలట.

తవుడమ్మ తలమీద కొంగు తీసింది. జుట్టు ఊడిన చోట నున్నగా మెరుస్తోంది. "ఇల్లు నువ్వే కట్టు నాయుడూ. రోజూ పేర్లూ చెప్తాను, నీ పేరుతో సహా. కోపం మాత్రం నాది, నా దగ్గరే ఉంటుంది. ఈ పిల్లకి మాటలు వచ్చాక నా తల చూసి, అవ్వకి ఇలా ఎందుకైంది తాతా అని అడుగుతుంది. అప్పుడు నేను చెప్పను. నువ్వే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాలి."

సూరినాయుడు మనవరాలి వంక చూడలేక తల దించుకున్నాడు.

కథ కంచి దారి పట్టింది,
పండుకి నిద్ర పట్టింది,
అమ్మమ్మ కోపం చల్లారడానికి
తెల్లారేదాకా పట్టేట్టుంది.