తోడుకి వెళ్ళిన దాలమ్మ

గురువుగారికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పరు. ఏదో ఒక పని పురమాయించి పంపేస్తారు. పని ముగిసేసరికి ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు చూద్దామంటారు. కొండ కింద ఆ చిన్న ఆశ్రమంలో చేరినవాళ్ళు వేదాంతం కన్నా ముందు కట్టెలు కొట్టడం నేర్చుకునేది అందుకే.

సదానందం విశాఖపట్నంలో ఉద్యోగం వదులుకుని వచ్చిన శిష్యుడు. ఒక ఉదయం అతను ఇలా అడిగాడు: "పట్నంలో ముసలివాళ్ళు తుమ్మొస్తే డాక్టరు దగ్గరికి పరిగెడతారు. సంచినిండా మందులు, నోటినిండా రోగాలు. ఇక్కడివాళ్ళు పడిపోయేదాకా ఆస్పత్రి గడప తొక్కరు. దేహం మీద మమకారం వీళ్ళకే తక్కువ కదా, గురువుగారూ?"

అప్పుడు అతని మనసులో ఉన్నది దాలమ్మ. ఆశ్రమంలో బియ్యం చెరిగే ముసలామె. కొంతకాలంగా ఆమెను చూసి సదానందం లోలోపలే దండం పెట్టుకుంటున్నాడు. పెళ్ళినాటి నుంచి కాళ్ళకున్న వెండి కడియాలు తీసి గూట్లో పెట్టేసింది. పడక మానేసి, తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చునే ఉంటోందని ఇరుగుపొరుగు చెప్పుకుంటున్నారు. తిండి పసిపిల్లల తిండంతకు తగ్గిపోయింది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే "నాకేటీ నేదు బాబూ" అంటుంది, అంతే. వైరాగ్యమంటే ఇంకెలా ఉంటుంది?

గురువుగారు దగ్గు ఆపుకున్నారు. చలి మొదలైనప్పటి నుంచీ ఆయనకా దగ్గు ఉంది. దాన్ని కూడా సదానందం వైరాగ్యం కిందే జమకట్టాడు. "దాలమ్మ నిన్న పనికి రాలేదు. ఈ బియ్యం ఇచ్చిరా" అన్నారాయన.

దాలమ్మ ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. వీధంతా అక్కడే ఉంది. పట్నంలో కూతురి దగ్గరుండే చెల్లెలు పారమ్మ చూడటానికొచ్చి, అక్క వాలకం చూసి హడలిపోయి బండి పిలిపించింది. పారమ్మ సరిగ్గా సదానందం ఎద్దేవా చేసిన రకం మనిషి. మందుల సంచి చంకలో లేనిదే గడప దాటదు. నెలనెలా ఆస్పత్రికి వెళ్ళి, అక్కడి కుర్చీల్లో తెలిసినవాళ్ళతో కబుర్లాడి ఇంటికొస్తుంది.

ఆ ఊళ్ళో ముసలివాళ్ళను ఆస్పత్రికి పంపడమంటే సాగనంపడమే. కొత్త చీర కట్టిస్తారు. పసిపిల్లల తలమీద చెయ్యి పెట్టిస్తారు. ఆడవాళ్ళు అప్పుడే ముక్కులు చీదుతారు. అలా వెళ్ళినవాళ్ళెవరూ నడిచి తిరిగి రాలేదు మరి. దాలమ్మ మొగుడూ రాలేదు. ఇంక లాభం లేదనుకున్నాకే తీసుకెళతారు కాబట్టి వాళ్ళు రారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

దాలమ్మ గుమ్మం పట్టుకుని వదలడం లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. "నానెల్లను. ఆయనెల్లినట్టు నానెల్లను. ఈ ఇంట్లోనే పోనీండి."

సదానందం ఆమె పాదాల వంక చూశాడు. వాచి నిగనిగలాడుతున్నాయి. ఆ కాళ్ళకు కడియాలు పట్టవు. పడుకుంటే ఊపిరాడకే కూర్చుని తెల్లవారుస్తోందని కూడా అప్పుడే అర్థమైంది. ముందు భయం వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది. "అమ్మా, ఎక్కండి" అంటూ ముందుకెళ్ళాడు. అది ఇంకా చేటయింది.

"సాములోరి మనిషి కూడా వచ్చీసినాడు. ఇంకేటుంది" అంటూ ఎవరో ఏడుపందుకున్నారు. దాలమ్మ గుమ్మాన్ని రెండు చేతులా వాటేసుకుంది.

అప్పుడు పారమ్మ గబగబా వెళ్ళి ఆటోలో కూలబడి అక్కను కేకేసింది. "అప్పా, నాకు కళ్ళు తిరుగుతన్నాయే. రేతిరి మాత్తర మర్సిపోనాను. గుండె దడదడనాడతంది. నన్నొక్కర్తినీ పంపిస్తావేటి? తోడు రావా?"

దాలమ్మ చేతులు సడలాయి. "ఒక్కర్తివీ ఎలాగెల్తావే" అంటూ ఉన్న పాతచీరతోనే, పడుతూ లేస్తూ వచ్చి ఎక్కింది. తోడుకెళ్ళేవాళ్ళను సాగనంపే ఆచారం లేదు కనుక జనం ఏం చెయ్యాలో తోచక దారిచ్చారు.

సదానందం డ్రైవరు పక్కన ఎక్కాడు. వెనక ఊపిరి చప్పుడు వినపడితే భయం, వినపడకపోతే అంతకన్నా భయం. సంత రోజు కావడంతో వంతెన మీద మేకల మంద అడ్డొచ్చింది. దిగి వాటిని రెండు చేతులా తోస్తూ వెనక్కి చూస్తే, దాలమ్మ పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఆ స్థితిలోనూ ఆమె చెల్లెలికి కొంగుతో విసురుతోంది. "ఊపిరాడతందేటే?" అని అడుగుతోంది. పారమ్మ మూలుగుతూనే ఉంది. కన్నీళ్ళు మాత్రం నటన కాదు.

ఆస్పత్రిలో చక్రాల కుర్చీ తెస్తే, "నాక్కాదమ్మా, దానికి" అంది దాలమ్మ. అదే కుర్చీలో దాలమ్మనే లోపలికి తీసుకెళ్ళి ముఖానికి ఆక్సిజన్ తగిలించారు. గుండె నీరసించి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నాడు డాక్టరు. కాళ్ళు ఎప్పటినుంచి వాచాయని అడిగాడు. పారమ్మకు తెలియదు.

"కడియాలు తీసినప్పటి నుంచి" అన్నాడు సదానందం.

కొన్నాళ్ళకు దాలమ్మ బస్సు దిగి, మందుల సంచి చంకన పెట్టుకుని, తోవ పొడుగునా పారమ్మను తిడుతూ వీధి వెంట నడిచి వచ్చింది. అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినవాళ్ళను ఎలా పలకరించాలో వాళ్ళెవరికీ తెలియదు. ఒకావిడ వచ్చి ఊరికే చెయ్యి ముట్టుకుని వెళ్ళింది.

మర్నాడు సదానందం గురువుగారి ముందు కూర్చున్నాడు. "నేను వైరాగ్యమనుకున్నది భయం, గురువుగారూ."

"పారమ్మది?"

"అదీ భయమే. కానీ..."

ఇంతలో గేటు దగ్గర తవిటినాయుడు కనిపించాడు. ఊళ్ళో దాలమ్మ ఈడువాడు. ఒక చేత్తో తువ్వాలు మెలిపెడుతున్నాడు. రెండో చెయ్యి కడుపు మీంచి తియ్యడం లేదు.

"సాములోరూ, పట్నం ఆస్పత్రికి ఎవులైనా ఎల్తన్నారేటి? నాకేటీ నేదు. తోడు గానీ కావాలేమోనని..."

గురువుగారికి దగ్గొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. ఉత్తరీయం భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కుంటూ అన్నారు: "నాకే కావాలి, నాయుడూ. పద."