నల్లన్న తాత ఎడమ కన్ను

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ముసలి జంతువులకు ఒక ఆశ్రమం ఉండేది. దాని పెద్ద ఏనుగమ్మ. కొండముచ్చులు అక్కడ సేవ చేసేవి. వాటిలో చురుకైనది మంగి.

ఆశ్రమంలో నల్లన్న అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. దానికి ఎడమ కన్ను కనబడదు. భోజనాల బంతిలో దాని ఎడమ పక్కన చుక్కమ్మ అనే ముసలి దుప్పి కూర్చునేది. నోట్లో నాలుక లేని సాధుజీవి.

ఒకరోజు చుక్కమ్మ నీళ్లకోసం లేచింది. నల్లన్న గుర్రుమని ఒక్కటిచ్చింది. మంగి పరుగున వచ్చి నల్లన్నను కేకలేసింది. మర్నాడూ అదే గొడవ. మంగి ఈసారి నల్లన్న విస్తరి లాగేసుకుంది. మూడోరోజు దెబ్బకు చుక్కమ్మ కాలు వాచిపోయింది.

"అమ్మా, ఈ కోపిష్టి తాతను కొండ అవతల వదిలేద్దాం!" అంది మంగి ఏనుగమ్మతో.

కొండ అవతల తిండి లేదు, తోడు లేదు. అక్కడ నల్లన్న బతకదు.

"పంపేముందు తాత చోట కూర్చుని ఒక్కపూట తిను," అని ఏనుగమ్మ మంగి ఎడమ కంటికి ఆకు కట్టింది.

మంగి పండు కొరకబోయింది. ఎడమ పక్కన ఏదో కదిలింది! ఉలిక్కిపడి చెయ్యెత్తేసింది. తల తిప్పి చూస్తే చుక్కమ్మ, కుంటుతూ నీళ్లకు వెళ్తోంది.

మంగి ముఖం చిన్నబోయింది. "అమ్మా, నా పండు లాక్కుపోతున్నారనుకున్నాను. తాతది కోపం కాదు, భయం. విస్తరి లాక్కుని నేనే దాన్ని పెంచాను."

"దెబ్బ పడ్డాక పరుగెత్తడం అందరికీ వచ్చు. దెబ్బకు ముందు ఏం జరిగిందో చూడు," అంది ఏనుగమ్మ.

పిల్లలూ, మంగిని మెచ్చుకోవద్దూ! తప్పు తెలిశాక మొండికెయ్యలేదు. తోటి కొండముచ్చులన్నిటికీ కంటికి ఆకు కట్టి అదే పాఠం నేర్పింది. అవి నల్లన్నను ఎడమవైపు గోడ వచ్చేలా కూర్చోబెట్టాయి. ఏ కొండముచ్చు వచ్చినా ఎదురుగా నిలబడి, "తాతా, నేనే" అని పలకరించేది. గొడవలు ఆగిపోయాయి.

కొన్నాళ్లకు చుక్కమ్మ ధైర్యం చేసి నల్లన్న ఎదుట నిలబడింది. "అన్నా, నేను చుక్కమ్మని."

నల్లన్న దాన్ని తేరిపార చూసింది. తన విస్తట్లో ఇప్పపూలు సగం దాని ముందు పోసింది.

"కాలు ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

మంగి కళ్లు చెమ్మగిల్లాయి.

నీతి: కొట్టిన చేతిని తిట్టేముందు, ఆ చేతిని లేపిన భయాన్ని కనిపెట్టాలి.