బాతు నడకని వెక్కిరించిన పుంజు

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకండి, కథ మాత్రం తిన్నగానే చెబుతాను.

ఒక రైతు దొడ్లో కోడిపెట్ట ఉండేది. బాతులు కుదురుగా పొదగవని రైతు భార్య ఆరు బాతుగుడ్లు దాని కింద పెట్టింది. పెట్ట ఇరవై ఎనిమిది రోజులు తిండి కూడా సరిగా తినకుండా పొదిగింది. ఆరు పిల్లలూ బయటికొచ్చాయి. చప్పిడి ముక్కులు, వేళ్ల మధ్య తోలు, అటూ ఇటూ ఊగే నడక.

అదే దొడ్లో ఒక ఎర్ర పుంజు. పని తక్కువ, నోరెక్కువ. పిల్లలు కనబడితే చాలు, రెక్కలు వేలాడేసి, తోక ఊపుకుంటూ వాటి వెనకాలే నడిచేది.

"తప్పుకోండర్రా! జమీందారుగారి పల్లకీ ఊగుతా వస్తంది!"

కోళ్లన్నీ పకపకా నవ్వేవి.

ఆరింటిలో చిన్నది బుడంకాయ. అది సిగ్గుపడి గంప కిందే ఉండిపోయింది. మూడు రోజులకి దాని మెడ పుల్లలా అయిపోయింది. పెట్ట నేరుగా పుంజు దగ్గరికెళ్లింది.

"బావా, నీ ఎకసెక్కాలు ఇంక కట్టిపెట్టు. పిల్ల మేత ముట్టడం లేదు."

"ఓసోస్! సరదాకంటే ఉడుక్కుంటావేం మరదలా?"

గంప కింద నుంచి బుడంకాయ అడిగింది. "అమ్మా, ఎకసెక్కం అంటే ఏంటే?"

"ఇద్దరూ నవ్వుకుంటే అది పరాచికం నాయనా. ఒకడు నవ్వడానికి ఇంకొకడు తల దించుకోవాల్సొస్తే అది ఎకసెక్కం. పరాచికాలు ఎన్నైనా ఆడు. ఎకసెక్కాలు మాత్రం ఆడకు."

బుడంకాయ కాసేపు ఆలోచించి బయటికొచ్చింది.

"మావయ్యా, నా నడక నీకు సగమే వచ్చింది."

"సగమా! నాకా?"

"గట్టి నేల మీద ఎవరైనా ఊగుతారు. మేం మడిలో కూడా నడుస్తాం. అది నీ వల్ల కాదులే."

పుంజుకి రోషం ముంచుకొచ్చింది. దొడ్డి వెనక మడికి అప్పుడే దమ్ము చేశారు, అంతా మెత్తటి బురద. బుడంకాయ వెడల్పు పాదాలతో దాని మీద చకచకా నడిచిపోయింది. కోళ్లూ, మిగతా పిల్లలూ చూస్తుండగా పుంజు రొమ్ము విరుచుకుని దిగింది. మూడో అడుగుకి తొడలదాకా, ఐదో అడుగుకి పొట్టదాకా కూరుకుపోయింది.

సరిగ్గా అప్పుడే గట్టు మీద గడ్డి కదిలింది. బావురుపిల్లి!

"ఓరి నాయనో! మరదలా!"

నవ్విన కోళ్లన్నీ ఎగిరి గోడెక్కాయి. బుడంకాయ మాత్రం కదల్లేదు.

"నవ్వులపాలు చేద్దామనుకున్నాను గానీ పిల్లిపాలు చేద్దామని కాదు! అన్నల్లారా, అరవండి!"

ఆరు పిల్లలూ కలిసి చేసిన గోలకి రైతు భార్య చీపురుకట్టతో పరుగెత్తుకొచ్చింది. పిల్లి పరారైంది. ఆవిడ పుంజుని తోక పట్టుకుని లాగితే ముందు ఈకలొచ్చాయి, తర్వాత పుంజు వచ్చింది.

ఒళ్లంతా బురద, తోక బోడి. కోళ్లు నవ్వబోయాయి.

"ఆగండత్తా," అంది బుడంకాయ. "ముందు మావయ్య నవ్వితేనే."

పుంజు వెనక్కి తిరిగి తన తోక చూసుకుంది. "నవ్వండర్రా, నాకే ఆగడం లేదు," అంది.

నలుగురినీ నవ్వించేవాడికి నలుగురూ చుట్టాలే. ఒకణ్ణి నవ్వులపాలు చేసేవాడికి బురదే చుట్టం.

మా వీధిలో నూకరత్నం వదిన కుంటుతూ నీళ్లకొస్తుంటే నవ్వేవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది రాయడం మొదలెట్టిన మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర ఆమె బిందె నేను ఎత్తుకుని, ఆమె నడిచినంత నెమ్మదిగా వాళ్లింటిదాకా నడిచాను.