నెమరు వేయని రాజుగారు

వాన ఏడాదికోసారి మొహమాటానికి తొంగిచూసి వెళ్లిపోయే ఒకానొక రాజ్యంలో భూరివిక్రముడనే రాజు ఉండేవాడు. ఆయన విక్రమం ఎవరూ చూడలేదు గానీ, భూరి మాత్రం పొట్ట దగ్గర అందరికీ కనిపించేది.

ఆ ఎర్రనేలలో పంటలు అంతంతమాత్రం. జనం పశువులను పెంచి, దుక్కికీ మాంసానికీ తోలుకూ అమ్ముకుని బతికేవారు. రాజుగారికీ నూరు పశువుల మంద ఉండేది. దాన్ని కాచేది ఓబులమ్మ అనే ముసలామె. ఆమెకంటూ మరో ముప్పై పశువులున్నాయి. మొగుడు పోయాక ఆమెకు తిండి పెట్టిందీ, తోడున్నదీ అవే.

ఒకసారి పొరుగురాజు విందుకొచ్చి, "బావగారూ, మీ ఎద్దుల పక్కటెముకలు ఇక్కణ్ణుంచే లెక్కపెట్టొచ్చే!" అని నవ్వి వెళ్లాడు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. నడివేసవి అని కూడా చూడకుండా మర్నాడు మిట్టమధ్యాహ్నం పల్లకీ ఎక్కి మంద దగ్గరికి వెళ్లాడు. తుమ్మచెట్ల కింద పశువులన్నీ పడుకుని ఉన్నాయి. వాటి మధ్య ఓబులమ్మ కూడా కొంగు మొహాన కప్పుకుని పడుకుని ఉంది.

"ఓసి సోమరిదానా! పట్టపగలు పడుకుంటే పశువులకు కండ ఎక్కణ్ణుంచి వస్తుందే?"

"ఎండకు పశువు మెయ్యదు సామీ, రొప్పుతాది. కోడి కూయకముందే తోలుకుపోతాం, మళ్లా పొద్దు గుంకినాక మేపుతాం. నడిపొద్దు నీడన పండుకుంటాయి. మా తాతల కాడి నుంచీ ఇంతే."

"పశువుల సంగతి నాకే చెబుతావా!"

మర్నాడే లేఖకుడు సర్వప్ప రాజాజ్ఞ రాశాడు. ఊరూరా దండోరా వేశారు. "పొద్దు పొడిచినది మొదలు కుంకే వరకు మందలు బయట మేయవలెను. పొద్దు కుంకగానే దొడ్లో కట్టవలెను. మిట్టమధ్యాహ్నం మంద గానీ, మంద యజమాని గానీ నీడన పడుకున్నచో ఆ మంద జప్తు. జప్తయిన మంద పట్టి ఇచ్చినవారికే చెందును. ఇందులో చిన్నా పెద్దా తేడా లేదు."

ఆ చివరి వాక్యం రాజుగారికి ఎంత నచ్చిందంటే, రెండుసార్లు చదివించుకుని విన్నాడు.

పదిహేను రోజులు గడిచాయి. పశువులు ఎండలో నాలుకలు వేలాడేసి నిలబడ్డాయే తప్ప గడ్డి సరిగా మేయలేదు. రాజు వచ్చి చూసి మండిపడ్డాడు.

"కావాలనే మాడుస్తున్నావు! శుక్రవారానికి నా మంద తేరుకోకపోతే నీ ముప్పై పశువులూ నావి!"

ఓబులమ్మ ఇంటికెళ్లి తన ఎర్రావు మెడ పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నేరుగా కోటకు నడిచింది.

"సామీ, మా కాపర్లలో ఒక ఆచారం ఉండాది. మంద మేత మానేస్తే, యజమాని దాని నడుమ కూచుని విందు తినాల. ఆయన తింటాంటే చూసి అవి గూడా మేస్తాయి. దర్బారు దుస్తుల్లోనే రావాల. యజమానిని పశువులు ఆనవాలు పట్టాల గదా!"

"తినడమేనా? ఆ పనిలో నన్ను మించినవాడు లేడు!" అన్నాడు రాజు.

గురువారం మిట్టమధ్యాహ్నం బయలు మధ్య పీట వేశారు. కిరీటం, జరీ అంగీ, పట్టు శాలువాలతో రాజు కూర్చున్నాడు. ముందు పొట్టేలు పులుసు, నేతి బొబ్బట్లు. చుట్టూ నూరు పశువులు రొప్పుతూ నిలబడ్డాయి. మొదటి ముద్ద బాగానే దిగింది. మూడోది గొంతులో అడ్డం పడింది. కిరీటం కాలి నెత్తి మాడింది.

"విసనకర్ర!" అని అరిచాడు.

"పశువులకు విసిరేటోళ్లు లేరు గదా సామీ. చూస్తే చిన్నబుచ్చుకుంటాయి."

ఇంకో ముద్దకు ఆయన పని అయిపోయింది. విస్తరి తోసేసి, కిరీటం విసిరేసి, కడవెడు నీళ్లు తాగి, తుమ్మచెట్టు నీడకు పరిగెత్తి వెల్లకిలా పడిపోయాడు.

రాజు వెంట వచ్చిన సర్వప్పను ఓబులమ్మ పిలిచింది. "రాసుకోండయ్యా. మిట్టమధ్యాన్నం. నీడన. మంద యజమాని పండుకోని ఉండాడు. పట్టిచ్చింది ఓబులమ్మ."

సర్వప్ప తీసిన గంటం మళ్లీ చెవి వెనక దోపుకున్నాడు. "అమ్మా, వారు రాజుగారు..."

"చిన్నా పెద్దా తేడా లేదని రాసింది మీరే గదా?"

"రాసింది నేనే. చెప్పింది వారు," అని సర్వప్ప నేలచూపులు చూశాడు.

రాజు ఒక కన్ను తెరిచాడు. "ఈ ఎండలో ఎవరికైనా ముద్ద దిగుతుందటే?"

"దిగదు సామీ. పదైదు దినాలుగా మీ మంద చెప్తాండేది అదే మాట. అయినా దానికీ ఏలినవారికీ ఒక తేడా ఉండాది."

"ఏమిటది?"

"అది పండుకున్నా నెమరేస్తాది సామీ. తెల్లారుజామున మేసిందంతా కండయ్యేది అప్పుడే. ఏలినవారు ఉత్తినే పండుకున్నారు."

ముందు రాజుగారి పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఆయన పడీపడీ నవ్విన నవ్వుకు పశువులు బెదిరాయి.

"సర్వప్పా, ఆ ఆజ్ఞ చింపెయ్! ఓబులమ్మా, న్యాయంగా నా మంద నీది. తోలుకుపో."

"అంత మందకు నా కాడ నీడ యాడుండాది సామీ? మంద మీరే ఉంచుకోండి. మీ మామిడితోటలో వేసవంతా నడిపొద్దు మా ఊరి పశువులను పండుకోనీండి, చాలు."

రాజు తోట తెరిపించాడు. పది పెయ్యలను కూడా ఆమె దొడ్డికి తోలించాడు.

ఏడాది తిరిగేసరికి పొరుగురాజు మళ్లీ వచ్చాడు. ఎంత వెతికినా ఒక్క పక్కటెముకా లెక్కకు దొరకలేదు. అభినందిద్దామని మధ్యాహ్నం కోటకు వెళితే, వాకిట్లో ద్వారపాలకుడు చేయి అడ్డం పెట్టాడు.

"చల్లపొద్దున రండి ప్రభూ. ఏలినవారు నెమరేస్తున్నారు."