ఆకు మీద ఇసుక రేణువు

వానాకాలం మొదట్లో అన్న మాట అది. చలి మొదలైనా కోదండం గుండెల్లో ఇంకా సలుపుతూనే ఉంది.

పదిమంది అతిథుల ముందు, ఆశ్రమంలో తోటి శిష్యుడు నరహరి నవ్వుతూ అన్నాడు: "గురువుగారి మొక్కలకి నీళ్లు పొయ్యడం తప్ప మన కోదండానికి ఇంకేం వచ్చు?" మర్నాడే వచ్చి తప్పయిందన్నాడు కూడా. కోదండం మొహం తిప్పుకున్నాడు. అప్పట్నించీ నరహరి కూర్చున్న పంక్తిలో కూర్చుంటే ఒట్టు.

ఆ ఉదయం ఇక తాడో పేడో తేల్చుకుందామని గురువుగారి గదికొచ్చాడు. పురుషోత్తమయ్యగారు కిటికీ పక్కన గాజుపెట్టె ముందు కూర్చుని ఉన్నారు. పెట్టెలో ఉన్నది వేడిదేశాల అడవి మొక్క. ఆకుల నిండా జిగురుబొట్లు. దోమ వాలిందా, ఆకు దాన్ని చుట్టుకుని తినేస్తుంది. వాననీళ్లు పట్టిపోస్తూ దాన్ని కంటికి రెప్పలా సాకుతున్నది కోదండమే.

"ఆశ్రమంలో వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. రేపు పొద్దున్నకల్లా తేల్చండి," అన్నాడు.

గుమ్మం బయట నరహరి నీళ్లబిందెతో ఆగిపోయాడు.

"అలాగే," అన్నారు గురువుగారు. కిటికీ అంచున చచ్చిపడున్న దోమని చూపించారు. "దాన్ని తీసి ఒకాకు మీద పెట్టు. ఇంకో ఆకు మీద ఇసుక రేణువొకటి వెయ్యి."

ఇదేం వేళాకోళం అని ఒళ్లు మండింది కోదండానికి. అయినా చెప్పినట్టే చేశాడు.

సాయంత్రానికి రెండాకులూ ముడుచుకున్నాయి.

"చూశారా, ఇసుక పడితే మొక్క మాత్రం ఊరుకుందా?" అన్నాడు కోదండం.

గురువుగారు గాజుపెట్టె మూత వేశారు.

ఆ పూట ఆశ్రమంలో ఎవరికీ ముద్ద దిగలేదు. నరహరి బట్టలు మూట కట్టుకున్నాడని వంటాయన వచ్చి చెబితే, కోదండం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారగానే గురువుగారు ఇద్దర్నీ పిలిపించారు. నరహరి మూటతో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తలెత్తలేదు.

"తేల్చమన్నావుగా. ముందు మొక్కని చూడు," అన్నారు కోదండంతో.

దోమ పెట్టిన ఆకు ఇంకా గట్టిగా చుట్టుకునే ఉంది. రెండో ఆకు విచ్చుకుంది. దాని మీద ఇసుక రేణువు ఎవరికీ పట్టనట్టు పడి ఉంది.

"దీన్నెందుకు వదిలేసింది గురువుగారూ?"

"తిండి కాదని తెలుసుకుంది," అన్నారాయన. "దానికి ఒక్క రాత్రి పట్టింది."

కోదండానికి సిగ్గేసింది. గుమ్మం దగ్గరికి వెళ్లి, నరహరి చేతిలోంచి మూట తీసుకుని లోపలికి నడిచాడు.