పడవ తాడు ఎవరి పెట్టెలో?

గుండ్లవాగు అవతల మద్దిచెట్ల మధ్య ఒక పాత బంగళా ఉంది. వరదకు దారి కొట్టుకుపోయాక మనుషులు అటు రావడం మానేశారు. కప్పు మీది సోలార్ పలకలు మాత్రం ఎండకు పనిచేస్తూనే ఉన్నాయి. లోపలి హాల్లో డిస్కులు ఆడించే పెట్టె, గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టరు మిగిలాయి. కిటికీలకు తీగలు అల్లుకుపోయి మిట్టమధ్యాహ్నం కూడా గదంతా చీకటే. సినిమా చూడడానికి అంతకంటే ఏం కావాలి?

డిస్కులు పట్నం నుంచి కోతులు తెచ్చేవి. పాత సామాన్ల అంగడిలో చేతికందింది ఎత్తుకొచ్చి, జామపండ్లకో వేరుశనగకాయలకో మార్చుకునేవి. వాటిని పోగుచేసుకునే పిచ్చి అడవిలో ముగ్గురికి ఉండేది.

మొదటివాడు ఎలుగుబంటి బొంతయ్య. ముసలివాడు, కళ్ళలో పువ్వులు వేసి చూపు మసకబారుతోంది. అతనికి నలుపు తెలుపు సినిమాలే కావాలి. అందులోనూ ఎవరూ పెద్దగా మాట్లాడకూడదు. వాన కురుస్తుంటే కురుస్తున్నంతసేపూ చూపించాలి.

రెండోవాడు నెమలి నీలాద్రి. పాత సినిమా అయినా సరే, మరకలు తుడిచి రంగులు సరిచేసి, అందమైన పెట్టెలో పెట్టి అమ్మినదే అతను ముట్టేది. పెట్టె పైన అంటిన పల్చటి ప్లాస్టిక్ పొర కూడా చింపడు. "చింపితే అది కొత్తది కాదు కదండీ" అనేవాడు.

మూడోది గేదె. పేరుకే ఎర్రమ్మ, ఒళ్ళంతా కారునలుపు. ఆవిడకు పెట్టె అక్కర్లేదు, డిస్కు గీతలు పడినా ఫర్వాలేదు. చూస్తే కడుపారా ఏడుపు రావాలి, అంతే.

మధ్యాహ్నం పూట ముగ్గురూ బంగళాలో చేరి ఒకరి సినిమా ఒకరు చూసి తిట్టుకునేవారు. "వాడు ఇందాకటి నుంచి ఆ గోడే చూస్తున్నాడేంటి మావా, మెడ పట్టేసిందా?" అని ఎర్రమ్మ అడిగేది. "నీ సినిమాలో కన్నీళ్ళకి నా కాళ్ళు తడిశాయి" అని బొంతయ్య అనేవాడు. అయినా మర్నాడు ముగ్గురూ మళ్ళీ వచ్చేవారు.

నక్క చిదంబరం మాత్రం ఏ సినిమా చూసేవాడు కాదు. ఎవరికి ఏది కావాలో కనిపెట్టి, కోతుల దగ్గర తీసుకుని వీళ్ళకి అంటగట్టేవాడు. అదే అతని బతుకుతెరువు.

ఒక రోజు కోతి ఒకటి అతనికి గుండ్రటి తగరపు పెట్టె తెచ్చి ఇచ్చింది. మూత మీద నది, పడవ, దూరంగా ఒక ఆడపిల్ల. పేరు 'పడవ తాడు'. చిదంబరానికి నోరూరింది. ఆ పేరు బొంతయ్య నోట వినని జీవి అడవిలో లేదు.

పిల్లప్పుడు బొంతయ్యను ఒక మనిషి పట్టుకుని, ముక్కుకు తాడు వేసి పట్నంలో ఆడించాడు. ఒక సాయంత్రం అతన్ని ఒక హాలు కిటికీ ఊచకు కట్టేసి టీ తాగడానికి వెళ్ళాడు. లోపల సినిమా నడుస్తోంది. రేవు దగ్గర ఒక పడవవాడు. కూతురు అలిగి ఏరు దాటిపోయింది. వాడు రోజూ పడవను గుంజకు కట్టి అవతలి ఒడ్డు వైపు చూస్తుంటాడు. ఒక రోజు కూతురు ఆ ఒడ్డున నిలబడి పిలిచింది. పడవవాడు లేచాడు. సరిగ్గా అప్పుడే యజమాని వచ్చి తాడు లాగాడు. ఆ తర్వాత ఏమైందో బొంతయ్యకు తెలియదు. మనిషి నుంచి తప్పించుకుని అడవికి వచ్చాడు, ముసలివాడయ్యాడు. చూపు పోయేలోగా ఆ మిగతా సగం చూడాలని ఒకటే ఆరాటం.

అదే పెట్టెను చిదంబరం చేతిలో చూసి నీలాద్రి కూడా మనసు పారేసుకున్నాడు. పెట్టె కోసమే, సినిమా కోసం కాదు.

చిదంబరం ఆలోచించాడు. ఒక్క సరుకును ఇద్దరికి అమ్మవచ్చు. పెట్టెలో వేరే డిస్కు పెట్టి సీలు వేస్తే నీలాద్రి జన్మలో తెరవడు. అసలు డిస్కు బొంతయ్యకు. ఎర్రమ్మ ఎప్పటినుంచో అడుగుతున్న 'ఏడవకు చిన్నమ్మా' కూడా చేతిలో ఉంది. పెట్టెలో పెట్టడానికి ఎవరిదో పెళ్ళి వీడియో డిస్కు దొరికింది.

చిక్కల్లా ఒకటే. తగరపు మూత మధ్యలో చిన్న అద్దం ఉంది. దాంట్లోంచి చూస్తే డిస్కు మీద అచ్చేసిన పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు నవ్వుతూ కనబడుతున్నారు. చిదంబరం ఆ బొమ్మను రాతికేసి గీకేశాడు. ఒక్కటే గీకితే అనుమానం వస్తుందని మిగతా రెండూ గీకాడు. పని ముగించి చూస్తే మూడు డిస్కులూ వెండిబిళ్ళల్లా ఒకేలా మెరుస్తున్నాయి. ఏది ఏదో అతనికే తెలియలేదు.

"ఇది ఎడమ చేతి వైపుది కదా" అనుకున్నాడు. "కాదు, నేనే ఇటు తిరిగి కూర్చున్నాను." కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఆడించి చూద్దామంటే బంగళాలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. చివరికి, "సినిమాలన్నీ ఒకటే, జనాలు వస్తారు, మాట్లాడతారు, పోతారు" అని తోచినట్టు పంచేశాడు. ఒకటి తగరపు పెట్టెలో పెట్టి తుమ్మజిగురుతో మూత అంటించాడు.

బొంతయ్య దగ్గరికెళ్ళి, "తాతా, నీలాద్రికి పెట్టె ఇచ్చి నోరు మూయించాను. సినిమా నీదే. ఎవరితోనూ అనకు" అన్నాడు. అందుకు బదులుగా కొండరాతి తేనెలో వాటా అడిగాడు. బొంతయ్య కళ్ళనీళ్ళ పర్యంతమై, "వాటా ఏంట్రా, పట్టంతా తీసుకో" అన్నాడు. నీలాద్రికి మాత్రం తాత దగ్గరున్నది వేరే ప్రతి అని చెప్పాడు. పెట్టె పుచ్చుకున్న నీలాద్రి, వేటకుక్కలు కనబడితే చెట్టు మీంచి కేక పెట్టి చిదంబరాన్ని హెచ్చరిస్తానన్నాడు. డిస్కు అందుకున్న ఎర్రమ్మ చిదంబరాన్ని వీపు మీద వాగు దాటించి కోళ్ళున్న ఊరి వైపు దింపుతానంది.

మర్నాడు మధ్యాహ్నం బొంతయ్య గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు. తేనె కోసం చిదంబరమూ వచ్చాడు. నీలాద్రి కిటికీ మీద వాలాడు. బొమ్మ మొదలైంది.

డప్పులు మోగాయి. ఎరుపు, పసుపు, బంగారు రంగులు గోడంతా పరుచుకున్నాయి. పట్టుచీరల వాళ్ళు పరుగులు పెడుతున్నారు. ఒక బట్టతల ఆయన విస్తళ్ళలో పులిహోర వడ్డిస్తున్నాడు.

బొంతయ్య కళ్ళు చిట్లించి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఒరే చిదంబరం, నేను చూసింది నలుపు తెలుపు కదా?"

చిదంబరం తడబడలేదు. "ఇప్పుడు రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు తాతా."

"రంగులు అద్భుతంగా ఉన్నాయండీ!" అన్నాడు నీలాద్రి. "పాత సినిమా అంటే ఎవరూ నమ్మరు."

"మరి ఏరేదీ?"

"ఏరు గుర్తుగా ఆ సాంబారు పెట్టారు" అన్నాడు చిదంబరం. "పెద్ద సినిమాల్లో అంతా గుర్తులే కదా, నీకు నేను చెప్పాలా?"

బొంతయ్య సాంబారు గిన్నె వంక చూశాడు. నిజమే, అలాంటివి అతను చాలా చూశాడు, ఇతరులకు వివరించి చెప్పాడు కూడా. కాసేపటికి, "అందరూ మన వైపే చూసి నవ్వుతున్నారేంట్రా?" అన్నాడు.

"నిన్ను కథలోకి రమ్మంటున్నారు తాతా."

"ఆ బట్టతలాయన పడవవాడా?"

"కాక మరెవరు? కూతురు తిరిగొచ్చింది, పెళ్ళి చేస్తున్నాడు. అదే ముగింపు."

సినిమా అయిపోయింది. నీలాద్రి, చిదంబరం వెళ్ళిపోయారు. బొంతయ్య అక్కడే కూర్చున్నాడు. కూతురు తిరిగొచ్చింది, మంచిదే. మరి తనకు సంతోషంగా ఎందుకు లేదు? ఇన్నేళ్ళూ గుండెలో పెట్టుకుని తిరిగిన ఆ నది, ఆ గుంజ, ఆ మసక వెలుతురు తను చూసినవేనా, కిటికీ బయట దెబ్బలు తింటూ తనే కల్పించుకున్నాడా? చూపుతో పాటు జ్ఞాపకమూ పోతోందా? మళ్ళీ మొదటి నుంచి వేశాడు. తర్వాతి మధ్యాహ్నాలూ అదే పని. వడ్డించేవాళ్ళ వెనక ఎక్కడైనా పడవ కనబడుతుందేమోనని వెతికాడు. తిండి కూడా తగ్గిపోయింది.

ఒక మధ్యాహ్నం అతను అలా వెతుకుతుండగా ఎర్రమ్మ కొమ్ముకు డిస్కు తగిలించుకుని విసురుగా వచ్చింది.

"మావా, ఆ నక్కెక్కడ? 'ఏడవకు చిన్నమ్మా' అని చెప్పి నాకేదో అంటగట్టాడు. నువ్వు లేని పూట చూశాను. చిన్నమ్మ లేదు, సవతితల్లి లేదు. ఒక్కడైనా ఏడవలేదు. ముసలాడొకడు తాడు కడతాడు, విప్పుతాడు, కడతాడు!"

బొంతయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "తాడా? దేనికి కడతాడు?"

"గుంజకి. పడవ ఉంది. విచిత్రం ఏంటంటే మావా, ఎవరూ ఏడవకపోయినా నాకే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియక ఇంకా కోపమొచ్చింది."

"అది రంగుల్లో ఉందా?"

"రంగా? బూడిద రంగు."

బొంతయ్య ముందుకు వంగాడు. "వెయ్యి" అన్నాడు. "తొందరగా వెయ్యి, ఎర్రమ్మా."

గోడ మీద నది పరుచుకుంది. కానీ ఆ మసక మసక బొమ్మలు బొంతయ్య కళ్ళకు అందలేదు. తెల్లటి మచ్చ, నల్లటి మచ్చ, అంతే. "నాకు ఆనడం లేదు" అన్నాడు నీరసంగా. "నువ్వు చెప్పు."

ఎర్రమ్మ పక్కన కూలబడింది. "కూతురు అవతల నిలబడింది. పిలుస్తోంది. ముసలాడు లేచాడు. అయ్యో, వాడి కళ్ళనిండా నీళ్ళు..."

"నీళ్ళు నిజంగా ఉన్నాయా, నువ్వు పోస్తున్నావా?"

"నేనే పోస్తున్నాలే. కళ్ళు పొడిగానే ఉన్నాయి. గుంజ దగ్గరికెళ్ళాడు. తాడు విప్పుతున్నాడు. ఎంతసేపయ్యా విప్పడం! విప్పాడు. ఎక్కుతాడనుకుంటాం కదా, ఎక్కలేదు. ఖాళీ పడవను నీళ్ళలోకి తోశాడు. అది ఆ పిల్ల వైపు పోతోంది."

"చేరిందా?"

"చూపించలేదు మావా. అయిపోయింది."

బొంతయ్య ముక్కు మీది పాత మచ్చను గోటితో తడుముకున్నాడు. "అంతేనా?" అంది ఎర్రమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఇద్దర్నీ కలిపితే వాళ్ళ సొమ్మేం పోయింది?"

"నీ సినిమాలో కలుస్తారులే" అన్నాడు బొంతయ్య. అతని గొంతు మళ్ళీ గట్టిగా ఉంది. "నా జ్ఞాపకం బాగానే ఉందే, ఎర్రమ్మా. నది ఉంది. గుంజ ఉంది."

నీలాద్రిని పిలిపించారు. ఇక మిగిలిన 'ఏడవకు చిన్నమ్మా' అతని పెట్టెలోనే ఉండాలి. తెరవమంటే నీలాద్రి ఈకలన్నీ ముడుచుకున్నాడు. సీలు వైపు చూశాడు, ఎర్రమ్మ వైపు చూశాడు. చివరికి కళ్ళు మూసుకుని ముక్కుతో జిగురు పొడిచాడు. లోపలి డిస్కు వేస్తే మొదటి బొమ్మలోనే చిన్నమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. ఎర్రమ్మ ముఖం వికసించింది. "డిస్కు మీరే తీసుకోండి" అన్నాడు నీలాద్రి, ఖాళీ పెట్టెను రెక్క కిందికి లాక్కుంటూ. "నాకు కావలసింది నాకుంది."

సాయంత్రం తేనె వాటా కోసం చిదంబరం వచ్చేసరికి మూడు డిస్కులూ బండ మీద వరసగా ఉన్నాయి. ముగ్గురూ అటూ ఇటూ కూర్చున్నారు.

"చిదంబరం, మాకు అంతా తికమకగా ఉందిరా" అన్నాడు బొంతయ్య. "డిస్కులు కలిసిపోయాయి. ఇందులో 'పడవ తాడు' ఏదో నువ్వే తేల్చు. సరిగ్గా చెబితే అది నీదే, అవతలి కొండ తోడేలుకు ఇచ్చి ఏం కావాలంటే అది పుచ్చుకో. తప్పితే మాత్రం తేనె లేదు, వాగు దాటించడం లేదు, కేక పెట్టడం లేదు."

చిదంబరం గతుక్కుమన్నాడు. "కాస్త కాస్త వేసి చూపించండి మరి."

ఒకటి వేశారు. ముసలాడు, పడవ, నిశ్శబ్దం, అంతా బూడిద రంగు. 'ఇది పాడైపోయిన డిస్కు' అనుకున్నాడు చిదంబరం. 'పడవ ఉంది నిజమే. కానీ పేరులో పడవ ఉందని పడవే చూపిస్తారా? ఏరంటే సాంబారని నేనే కదా చెప్పింది!' రెండోది వేశారు. ఏడుపు. 'ఇది ఎర్రమ్మది.' మూడోదానికి డప్పులు, పులిహోర, బంగారు రంగులు. ఈ ముసలాడు ఇన్ని మధ్యాహ్నాలు దీన్నే కదా కళ్ళార్పకుండా చూశాడు! ఎవరిదో పెళ్ళి వీడియో అయితే అన్నాళ్ళు చూస్తాడా? సినిమాల్లోనూ పెళ్ళిళ్ళుంటాయి కదా!

"ఇదే!" అన్నాడు.

"ఆలోచించుకో" అంది ఎర్రమ్మ.

"ఇందులో ఆలోచించేదేముంది అక్కా? ఇలాంటి గొప్ప సినిమా గురించి నాకు తెలియదా?"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. నీలాద్రి దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. "సరే, అది నీదే" అన్నాడు బొంతయ్య. "తేనె, వాగు, కేక మాత్రం ఇక ఉండవు. ఎందుకో తోడేలే చెబుతాడు."

వాళ్ళ ముఖాలు చూసి చిదంబరానికి ఏమీ అర్థం కాలేదు. గెలిచానో ఓడానో తెలియక, డిస్కు నోట కరచుకుని, రెండడుగులకొకసారి వెనక్కి తిరిగి చూస్తూ కొండ ఎక్కాడు. తోడేలు తన దగ్గరున్న పెట్టెలో డిస్కు వేయించుకుని చూసి, పడవ కనబడుతుందేమోనని వంటవాళ్ళు మసాలా నూరేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత చిదంబరాన్ని కొండ కింది దాకా తరిమాడు.

తాను రుచి చూడని సరుకును అమ్మబోయేవాడు, అందరికంటే ముందు తననే మోసం చేసుకుంటాడు.